తలుపు వేశాం... మరి సందో?

రాత్రి పది గంటలు. తలుపు దగ్గరికి వేసి, గొళ్ళెం పెట్టి, పై గడియ కూడా బిగించాక గానీ ఇంటి ఇల్లాలికి నిద్ర పట్టదు. దొంగల భయం అలాంటిది మరి! కానీ అదే తలుపు కింద వేలెడు సందు ఉంటే దాని సంగతి ఎవరికీ పట్టదు. గొళ్ళెంతో పనిలేని వాళ్ళంతా అందులోంచే దర్జాగా లోపలికి వస్తుంటారు. చలిగాలి, దోమ, బొద్దింక, జెర్రి, తేలు... ఒక్కోసారి పాము కూడా.

మెదక్ పట్టణంలో ఈ సందు సంగతి మరీ ముఖ్యం. తెలంగాణలో చలి ఎక్కువగా ఉండే ఊళ్ళలో ఇదొకటి. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం ఇక్కడ కొత్తేమీ కాదు. పైగా చుట్టుపక్కల చెరువులు, మంజీర మీది ఘనపూర్ ఆనకట్ట కాలువల కింద వరి పొలాలు. కోతలయ్యాక ఎలుకలు తిండి వెతుక్కుంటూ ఇళ్ళవైపు మళ్ళుతాయి. పెన్సిలంత సందు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, చిట్టెలుక దూరిపోతుంది. దాని వెనకే దాన్ని తినేదీ వస్తుంది.

నేల మీద పడుకుంటారా?

కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. నేల మీద చాపో, బొంతో పరుచుకుని పడుకున్నవారిని నిద్రలోనే కాటేస్తుంది. చాలాసార్లు నొప్పీ, వాపూ ఉండవు. ఏ పురుగో కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తర్వాత కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, ఊపిరాడకపోవడం! 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలంటూ కేంద్ర ప్రభుత్వం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. దాని సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. తలుపు కింద సందు మాత్రం మనమే మూసుకోవాలి.

గడప చేసే పని

పసుపు రాసి బొట్లు పెట్టే గడప లక్ష్మీదేవికి స్వాగతం పలకడానికే కాదు. వానజల్లునూ, పురుగూపుట్రనూ ఆపే అడ్డుకట్ట కూడా అదే. ఇప్పుడు వీధి గుమ్మానికి గడప పెట్టి, పెరటి తలుపును నున్నటి బండల మీదే వదిలేస్తున్నారు. మరో పొరపాటు కూడా ఉంది. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. తలుపు నేలకు రాసుకోగానే వడ్రంగిని పిలిచి అడుగున చిత్రిక పట్టిస్తారు. ఎండలు రాగానే చెక్క మళ్ళీ కుంచించుకుపోతుంది. ఇంకేముంది, సందు పెద్దదవుతుంది! అందుకే ముందు బందుల స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. అవి బిగిస్తే కుంగిన తలుపు చాలాసార్లు దానంతటదే లేస్తుంది.

కనిపెట్టేదెలా?

రాత్రి గదిలో లైటు ఆర్పి, బయటి లైటు వేయండి. వెలుతురు గీత కనిపించిన ప్రతిచోటా సందున్నట్టే. ఫ్యాను ఆపి, వెలిగించిన అగరుబత్తిని తలుపు అంచుల వెంట నెమ్మదిగా తిప్పినా తెలుస్తుంది. పొగ ఎక్కడ పక్కకు వంగితే అక్కడ గాలి దూరుతోందన్నమాట.

మూసేదెలా?

తలుపు కింద బిగించే రబ్బరు పట్టీలు, బ్రష్షు పట్టీలు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. తలుపు వెడల్పు కొలుచుకుని తెచ్చుకోండి. అంచు నేలకు ఆనీ ఆననట్టు ఉండాలి. గట్టిగా రాసుకుంటే త్వరగా అరిగిపోతుంది. పాత సైకిలు ట్యూబును పట్టీగా కోసి, పైన సన్నటి చెక్క బద్ద పెట్టి మేకులు కొట్టినా పని జరుగుతుంది. ఎలుకలు కొరికే చోటయితే అల్యూమినియం రేకు మేలు.

పక్కల, పైన తలుపు ఆనేచోట జిగురున్న స్పాంజి పట్టీ అంటించాలి. ముందుగా దుమ్మూ, జిడ్డూ తుడిచి ఆరనివ్వకపోతే నాలుగు రోజుల్లో ఊడిపోతుంది. ద్వారబంధానికీ గోడకూ మధ్య సందును సిమెంటుతో, సన్నటి పగుళ్ళను సిలికాన్‌తో పూడ్చాలి. చెక్కలో పగుళ్ళకు రంపపు పొట్టును ఫెవికాల్‌తో ముద్దగా కలిపి కూరితే సరి. పాత గోనెసంచి కుక్కి ఊరుకోవద్దు. తేళ్ళకూ, జెర్రులకూ అదే ఇల్లవుతుంది.

అన్నీ బిగించేయొద్దు!

వంటగ్యాస్ గాలికన్నా బరువైనది. లీకయితే నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. కాబట్టి వంటింటి నుంచి బయటికి వెళ్ళే తలుపు కింద రబ్బరుకు బదులు సన్నటి ఇనుప జాలీ బిగించండి. కిటికీకి జాలీ కొట్టించి తెరిచి ఉంచండి. చలికని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఎంత జాగ్రత్తపడినా పాము కాటేసిందన్న అనుమానం కలిగితే మంత్రాలంటూ తిరగొద్దు. గాటు పెట్టొద్దు, తాడు బిగించొద్దు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఈ రాత్రి గొళ్ళెం పెట్టాక ఒక్క నిమిషం ఆగండి. లైటు ఆర్పి, తలుపు కిందికి చూడండి. గీత కనిపిస్తే... రేపు ఆదివారం అయినా కాకపోయినా ఆ పని వాయిదా వేయకండి!