మావారి పాత టీషర్టు

పొద్దున్నే వాకింగ్‌కొచ్చే ఆడవాళ్లని చూడండి. చాలామంది ఒంటిమీద ఉండేది వాళ్లాయన పాత టీషర్టే! నేనూ ఆ బాపతే. మావారికి ఆఫీసులో ఇచ్చిన గోల్ఫ్ టీషర్టు, అదేనండీ, కాలరూ మెడకింద మూడు గుండీలూ ఉండేది, ఆరేళ్లు వేసుకున్నాను. భుజం కుట్టు సగం చేతిదాకా జారేది.

మొన్న దుకాణంలో నాకోసం అడిగితే ఒంటికి అతుక్కుపోయేది ఇచ్చాడు. బిగుతుగా ఉందంటే, ‘లేడీస్‌వి అంతే మేడమ్’ అన్నాడు. ఎందుకంతే? పొడుగుచేతుల చొక్కాలు ఆటకి అడ్డమనే కదా, టెన్నిస్ ఆటగాడు రెనె లకోస్త్ 1926లో ఈ పొట్టిచేతుల అల్లిక చొక్కా వేసుకున్నది! గోల్ఫ్‌వాళ్లకి నచ్చిందీ అందుకే. చెయ్యి తిరగాలి, గాలి ఆడాలి. ఆ సుఖం మనకి మాత్రం అక్కర్లేదా?

పట్టుబట్టి నాలుగు తొడిగాను. చేతులెత్తితే పొట్ట కనబడినదొకటి, గుండీల మధ్య నోరు తెరిచినదొకటి పక్కన పెట్టేశాను. పాలియెస్టర్‌ది త్వరగా ఆరుతుందిగానీ చెమట వాసన వదలదు. చివరికి భుజం కుట్టు భుజం చివరే ఆగిన నూలుది, పక్కల చీలికలున్నది తీసుకున్నాను. ఉతికితే ముడుచుకుంటుందని కాస్త వదులుగానే.

‘నాది ఉందిగా!’ అన్నారు మావారు. ఉంది. స్టవ్వు తుడుస్తున్నాను.