ఇసుకను వెలకు కొన్నవారు

గత సంక్రాంతికి విశాఖపట్టణము నుండి మా యింటికి వచ్చిన మా మేనకోడలు, తన అయిదేండ్ల కూతురిని కాశీబుగ్గలోని మా వీథి యరుగు మీద కూర్చుండబెట్టి, పెట్టె విప్పి, అందుండి యొక ప్లాస్టిక్కు డబ్బాను వెలికి తీసి, "పాపకు తోచకపోతే ఇది ఇవ్వు మావయ్యా, మీ ఊళ్లో పిల్లలకు క్రియేటివ్‌గా ఆడుకోవడానికి ఏమీ ఉండదు కదా" అని నిష్కల్మషముగా పలికినది. ఆ డబ్బాలో నున్నది ఇసుక. ఎనిమిదివందల రూపాయలు పోసి కొన్న నీలిరంగు ఇసుక. మా అప్ప, అనగా ఆ పాపకు అమ్మమ్మ, చేతిలోని చేటను క్రింద పెట్టి, "ఇసక కూడా కొంతారేటే?" అని కూతురి నడిగి, సమాధానము కొరకు వేచియుండక లోనికి వెడలిపోయినది. నేనట్లు వెడలిపోలేకపోతిని, ఈ వ్యాసము దాని ఫలము.

ఉద్దానమనగా ఉద్యానమే యని మా ప్రాంతమువారి గర్వము. కాని ఆ ఉద్యానము నిలిచినది ఇసుక మీద. వజ్రపుకొత్తూరు మొదలు కవిటి, ఇచ్ఛాపురము వరకు కొబ్బరియు, జీడియు, పనసయు వేళ్లు తన్నుకొన్నది ఆ తీరపు ఇసుక నేలలోనే. అట్టి సీమకు డబ్బాలో ఇసుక తెచ్చుట నౌపడకు ఉప్పు మూట మోసికొనిపోవుట వంటిది. పైగా ఆ డబ్బాలోని వస్తువు నూటికి 98 పాళ్లు మామూలు ఇసుకయే; తక్కిన 2 పాళ్లు రేణువులను ఒకదాని కొకటి అంటిపెట్టు సిలికోన్ తైలము. అది యెండదు, జారదు, ఎట్లు నొక్కిన నట్లే యుండును. దీనినే గొప్ప గుణముగా చాటుచున్నారు. అక్కుపల్లి యొడ్డున మా పిల్లలు గుడి కట్టునప్పుడు ఇసుకను పట్టి నిలుపునది రేణువుల నడుమ నిలిచిన పలుచని నీటి పొర. నీరు తక్కువైన గోపురము రాలును, ఎక్కువైన కుంగును. తగినంత యెంతయో ఏ కాగితము మీదను వ్రాసియుండదు. రెండుమారులు కూలిన పిమ్మట మూడవమారు, అలకు ఎంత దూరములో త్రవ్విన ఇసుక పదునుగా నుండునో ఆ బిడ్డ తానే కనిపెట్టును. ఎన్నడును కూలని ఇసుకతో ఆడిన బిడ్డ కనిపెట్టుటకు మిగిలిన దేమి?

ఈ జాడ్యము ఇసుకతో ఆగిన నేనింత గొంతు చించుకొనకపోదును. "తక్కువ ఖర్చుతో ఇంటిలోనే చేయదగిన నూరు సృజనాత్మక క్రీడలు" అని యొక పట్టిక మా మేనకోడలి చరవాణిలో కలదు. తక్కువ ఖర్చట! మొదటి క్రీడకే ఐసుక్రీము పుల్లల కట్ట యొకటి, తళుకుల పొడి, వేడిజిగురు కార్చు తుపాకి, గుడ్లు త్రిప్పు ప్లాస్టిక్కు కన్నులు కావలయునట. ఐసుక్రీము తినకయే ఐసుక్రీము పుల్లలను కట్టలుగా కొను నాగరకత మన కాలమునకే చెల్లినది. ప్రతి క్రీడకును పక్కన వయస్సు, నిమిషములు, లక్ష్యము వ్రాసియున్నవి. కాగితము చింపుటకు "సూక్ష్మ కండర వికాసము" అని పేరు. మా అప్ప చిన్ననాట చింతపిక్కలను నున్నని నేల మీద పోసి, ప్రక్కదానిని కదల్పకుండ ఒక్కొక్క దానినే వ్రేలితో తీసిన ఆటలో ఏ కండరము వికసించినదో ఆమెకు తెలియదు. ఎనుబదవ యేట కూడ ఆమె సూదిలో దారము నెక్కించుచున్నది.

ఆటను ఆట యనక "యాక్టివిటీ" యనుటయే నాకు మొదట కంటగింపు. గిడుగు రామమూర్తి పంతులుగారు జన్మించిన జిల్లాలో కూర్చుండి, ఆయన జీవితమంతయు పోరాడి వదలించిన గ్రాంథికమును పట్టుకొని వ్రేలాడు నావంటివానికి, మాటల విషయమున నొకరిని తప్పుపట్టు నధికారము లేదని మా యింటిలోనే అందురు. నిజమే కావచ్చును. కాని ఆటకు పేరు మారిన మరుక్షణమే దానికొక అంగడి వెలసినది. అదియే నా బాధ.

ఆ యంగడివారు తమ చెక్కముక్కల మీద మాంటిసోరి నామధేయమును ముద్రించుకొనుట చూచినప్పుడు నాకు కలుగు కోపమునకు మేర లేదు. ఆ మహాతల్లి తన మొదటి శిశుగృహమును 1907 జనవరి 6వ తేదీన తెరచినది రోము నగరములోని సాన్ లోరెంజో అను పేదవాడలో. అందు చేరినవారు తల్లిదండ్రులు పనికి పోగా మెట్ల మీదను గోడల వెంటను దిక్కులేక తిరుగు కూలివారి బిడ్డలు. ఆమె 1939లో మన మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండి, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. ఆమె తన బడులలో పిల్లలచేత నీరు పోయించినది, గుండీలు పెట్టించినది, నేల తుడిపించినది. నేడామె పేరు పెట్టిన చెక్కపెట్టె వెల, మా పలాసలో జీడిగింజల పొట్టు వలుచు స్త్రీకి దినముల తరబడి కూలి. పేదవాడలో పుట్టిన విద్య మేడ యెక్కి తలుపు వేసికొన్నదన్నమాట.

ఇచట మృచ్ఛకటికము గుర్తునకు వచ్చుచున్నది. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారు బండిని చూచి, తనకు చేసియిచ్చిన మట్టిబండిని త్రోసివేసి యేడ్చును. వసంతసేన కరగి, తన నగలనే యొలిచి ఆ మట్టిబండిని నింపును. సంస్కృత నాటకములలో ఇంత సుకుమారమైన ఘట్టము అరుదని పెద్దలందురు. నేనును అందును. అయినను, "చూచితిరా, పిల్లవాడు బంగారు బండినే కదా కోరినాడు!" అని ఈ ఘట్టమునే నా మీదికి త్రిప్పువారు లేకపోలేదు. అయ్యా, వాడు బంగారము కోరలేదు, పొరుగువాని బండిని కోరినాడు. పొరుగువాడు తాటిముంజ బుర్రలకు పుల్ల గ్రుచ్చి రెండు చక్రముల బండిగా తోలుచు వచ్చియుండిన, వాడు దానికొరకే ఏడ్చియుండును. పైగా ఆ నగలు ఆ యింటికి తెచ్చిన యాపద యెట్టిదో, చారుదత్తుడు వధ్యస్థానము వరకు నడచిన కథ చదివినవారికి నేను చెప్పనక్కరలేదు.

కొబ్బరి విషయము వచ్చినది కావున కొంచెము ఆగెదను. (వచ్చినది తాటికాయయే, కాని ఉద్దానమువానికి ఏది వచ్చినను కొబ్బరియే వచ్చును.) ఒక్క పచ్చి కొబ్బరాకు రెబ్బతో బూర, గడియారము, కళ్లజోడు, చిలుక, పాము, గాలికి తిరుగు మర యగును. బూర చేయుటకు ఆకును వాలుగా చుట్టవలెను. చుట్టు బిగిసిన కూత సన్నగిల్లును, వదులైన ఊపిరియే తప్ప కూత యుండదు. ఎండిన మట్ట బ్యాటగును. దాని వెడల్పు మొదలు మీద ఒకనిని కూర్చుండబెట్టి, కొసను పట్టి ఇద్దరు లాగిన ఇసుక మీద రథమగును. చిప్పలకు త్రాడు కట్టి ఎక్కిన గుర్రపు డెక్కలగును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను మా తీరమును తాకి, తాతలు నాటిన కొబ్బరితోటలను ఒక్క రాత్రిలో నేల కూల్చినప్పుడు, పెద్దలు తలపై చేయి పెట్టుకొని కూర్చున్న తోటలోనే, పడిన మాను మీద వరుసగా కూర్చుండి రైలు తోలుచున్న పిల్లలను నేను చూచితిని. ముందు కూర్చున్నవాడు కూత వేయుచుండెను. వానిని కసరుటకు ఆ తోట యజమానికి నోరు రాలేదు.

వేసవిలో జీడిపిక్కల యాట మరియొకటి. గీత మీద పిక్కలను వరుసగా పేర్చి, దూరమునుండి పెద్ద పిక్కతో గురిచూచి కొట్టి, కొట్టినవాటిని జేబులో వేసికొందురు. "అమ్మో, ఆ పెంకులో చర్మమును కాల్చు రసమున్నది" యని నగరవాసులు బెదరుదురు. ఉన్నది. కనుకనే పిక్కను కొరకరాదని, పగులగొట్టరాదని మా పిల్లలకు మాటలతోపాటే నేర్పుదురు. ఆ జీడి రసముతోనే చేతులు నల్లబడిన తల్లులున్న యూరు ఇది. ఆ చేతులు చూచిన బిడ్డకు వేరే హెచ్చరిక చీటీ అక్కరలేదు. ఇక మట్టిలో క్రిములున్నవని, తల్లిదండ్రులకు తీరిక లేదని, కాలము మారినదని చెప్పువారికి సమాధానములు కలవు గాని, ఆ వాదములకు అంత గౌరవము ఇచ్చుటకు నాకు మనసొప్పదు. పిల్లల యాటలో పెద్దలకు తీరిక యెందుకు? తీరిక యుండవలసినది పిల్లలకు.

మన పాత గంజాం జిల్లాలోని బరంపురమున 1905లో జన్మించిన న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అన్నయ్యయై, భార్య కామేశ్వరి అక్కయ్యతో కలిసి, దశాబ్దములపాటు తెలుగు పిల్లలను రేడియో పెట్టె ముందు కూర్చుండబెట్టగలిగినది ఏ వస్తువును చూపి? ఆ పెట్టెలో చూపుటకేమున్నది? వినబడినది సాటి పిల్లల గొంతుక. విన్నవారు మరునాడు తాము విన్న నాటికనే అరుగు మీద తుండుగుడ్డలు కట్టుకొని ఆడిరి.

"మరి నీవేమి చేయమందువు మావయ్యా?" అని మా మేనకోడలు, నేనిదంతయు చదివి వినిపింపగా, మర్యాదగనే అడిగినది. చేయమనుట లేదు, అదియే చెప్పుచున్నాను. పెరటిలో ఒక మూలను ఊరక వదలుడు. కొంత మన్ను, కొంత నీరు, విరిగిన గరిటె, చిరిగిన చీర కొంగు. తక్కినది... తక్కినదానిని గూర్చి నేనింకను ఆలోచింపవలసియున్నది. మేడల మీద మూడవ అంతస్తులో కాపురముండువారు మూలను ఎచటినుండి తెత్తురని ఆమె యడిగిన ప్రశ్నకు నా వద్ద సమాధానము లేకపోయినది. ప్రశ్న మాత్రము అన్యాయమైనది.

ఆ నీలిరంగు ఇసుక డబ్బా పండుగ నాలుగు దినములును అరుగు మీదనే యుండి, మూత తీయబడకయే విశాఖకు తిరిగి వెళ్లినది. పాప ఆ దినములలో ఎచట నుండెనో ఆమె పావడా అంచులే చెప్పుచుండెను. మా పెరటిలో నూతి ప్రక్క మూలను సిమెంటు చేయుమని మా అబ్బాయి పిలిచిన మేస్త్రి రేపు ఉదయము వచ్చునట. వానితో ఏమి చెప్పవలయునో మా అప్ప అప్పుడే నిశ్చయించుకొనియున్నది. వీథి తలుపునకు గడియ పెట్టి పండుకొన్నది.