ఆంటీకి ఓ పాట పాడమ్మా!

మా పంజాగుట్ట ఇళ్లల్లో కాఫీ తర్వాత చుట్టాలకి పిల్ల చేత పాట పాడించకపోతే మర్యాద తక్కువైనట్టే. "ఆంటీకి ఓ కీర్తన వినిపించమ్మా" అంటాం. పిల్ల గోడకి అతుక్కుపోతుంది. "ఇన్నాళ్లూ ఫీజు కట్టింది ఇందుకేనా?" అని గదమాయిస్తాం. పాపం, గడగడా అప్పజెప్పేసి లోపలికి పారిపోతుంది. చుట్టాలు మెచ్చుకుంటారు, మనం పొంగిపోతాం. పిల్ల మొహం ఎవరూ చూడరు.

నేనూ చూడలేదు. ఎనిమిదేళ్లు నేర్చుకున్న మా అమ్మాయి, టెన్త్ పరీక్షలైన మర్నాడు శ్రుతిపెట్టెని అటకెక్కించి, "ఇక నన్ను పాడమనకమ్మా" అంది. అన్నేళ్లూ అది పాడింది నా కోసమేనని అప్పుడు గానీ తెలిసిరాలేదు.

నెలల లెక్కన కంప్యూటర్ కోర్సులు చెప్పే అమీర్‌పేట పక్కనే ఉండి ఉండి, సంగీతాన్నీ ఆ త్రాసులోనే తూస్తున్నాం. "సరళీ స్వరాలయ్యాయా? గీతాలెప్పుడు? వర్ణం ఎప్పుడు?" అని టీచరుగారి ప్రాణం తీస్తాం. పిల్ల రోజూ పాడే ఆ మాయామాళవగౌళని దాని పక్కన కూర్చుని ఒక్క పూటైనా విన్నామా? లెక్కల ట్యూషన్‌కీ హోంవర్కుకీ మధ్య ఇరికించిన ముప్పావు గంటలో భావం పలకాలంటే ఎక్కణ్ణుంచి పలుకుతుంది?

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ సంగతే చూడండి. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రాడు విని వాయించేవాడు. 1978లో, తొమ్మిదేళ్లకే, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశాడు.

"అతను పుట్టు మేధావి, మా పిల్లలకి ఆ పోలికేమిటి?" అంటారు. నిజమే, మేధ మనమివ్వలేం. కానీ ఆ గురువుగారు చేసిన పని మనకి అసాధ్యమేమీ కాదు. ముందు చెవి నిండనివ్వాలి, తర్వాతే గొంతూ వేళ్లూ.

సాధన అక్కర్లేదనడం లేదు. రోజూ కూర్చోవాల్సిందే. కానీ చివరి అయిదు నిమిషాలు పిల్లకే వదిలేయండి, సినిమా పాట పాడుకున్నా సరే. అపస్వరం పడగానే అందుకుని దిద్దకండి. అది గురువుగారు చూసుకుంటారు. మీరు మాత్రం "ఈ పాటలో నీకు ఏ చోటు ఇష్టం?" అని అడగండి. అలా అడిగేవాళ్లు లేకే చాలామంది పిల్లల పాట టెన్త్‌తో ఆగిపోతోంది.

ఈసారి చుట్టాలొస్తే కాఫీ ఇవ్వండి, జంతికలు పెట్టండి. పాట మాత్రం పిల్లకి పాడాలనిపించినప్పుడే పాడనివ్వండి.