శిఖరమునకు పేరెవరు పెట్టవలెను?

పర్వతము తన పేరు తాను చెప్పుకొనదు. దాని పాదమున బ్రతుకువారు చెప్పుదురు. లేదా దూరమున నిలిచి దుర్భిణితో చూచినవారు వ్రాసికొందురు. లోకమున కెల్ల నున్నతమైన శిఖరము విషయమున రెండవదే జరిగినది.

ఈ కథ కొంత మన సీమకును చెందినదే. లాంబ్టన్ దొర దక్షిణాగ్రమునుండి ఉత్తరమునకు సాగించిన మహాకొలత 78వ రేఖాంశము ననుసరించి నడచినది. ఆ రేఖ వనపర్తి చెంతనే పోవును; గద్వాల దానికి పడమటను, నాగర్‌కర్నూలు తూర్పునను ఉన్నవి. 1818లో జార్జి ఎవరెస్టు ఆయనకు సహాయకుడై హైదరాబాదు చేరెను. మరుసటి యేట కృష్ణా గోదావరుల నడిమి అడవులలో విషజ్వరము పాలై, 1820లో ఆరోగ్యార్థము గుడ్‌హోప్ అగ్రమునకు వెడలెను.

నేపాళము ప్రవేశ మొసగనందున, నూరు మైళ్లకు పైబడిన దూరమునుండి తీసిన కొలతలనుబట్టి రాధానాథ సిక్దారు ప్రభృతులు 'పదునైదవ శిఖరము' ఎత్తును గణించిరి. అది 29,002 అడుగులని 1856లో ప్రకటించిన ఆండ్రూ వా, స్థానికనామము దొరకలేదని చెప్పి, తన పూర్వాధికారి పేరు పెట్టదలచెను. ఆ పేరు హిందీలో వ్రాయుటకును, ఈ దేశీయులు పలుకుటకును వీలుగాదని 1857లో ఎవరెస్టే అభ్యంతరము తెలిపెను. అయినను 1865లో లండనులోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ దానినే అంగీకరించెను. తిబ్బతీయుల కది పూర్వమునుండియు చోమోలుంగ్మా. 'సాగర్‌మాథా' అను నేపాళీనామమును చరిత్రకారుడు బాబూరాం ఆచార్య గత శతాబ్దమున వ్యాప్తికి తెచ్చెను.

పేరు పెట్టుట కచేరిలో కూర్చుండి చేయవచ్చును. ఎక్కుట అట్లు కాదు. శిఖరాగ్రమున ఊపిరికందు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో మూడవవంతు మాత్రమే. 1953 మే 29న టెన్సింగు, హిల్లరీలు తొలుత దానిని జయించిరి. 2014 మే 25న మన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనందకుమార్ తిబ్బతు వైపునుండి ఎక్కిరి. భువనగిరి గుట్టపై తొలిపాఠములు నేర్చిన పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు.

2020లో ప్రకటించిన 8,848.86 మీటర్ల ఎత్తును వల్లెవేయించి ఉపాధ్యాయులు ఊరకుండరాదు. ఎవరెస్టు పేరు తుడిచివేయవలెనని నా వాదము కాదు. మూడు పేర్లును, వాని వెనుకనున్న కథయు చెప్పవలెను. అంతకంటె ముఖ్యమైన పని మన యింటనే యున్నది. నల్లమలలో ఫరహాబాదు అను పారసీకపు పేరు పటముల కెక్కినది. ఆ అడవిలో తరతరములుగ నున్న చెంచులు పలుకు గుట్టల పేర్లు, లోయల పేర్లు ఎన్ని ఎక్కినవి? అచ్చంపేట, అమ్రాబాదు ప్రాంతముల విద్యార్థులు పెద్దల నడిగి వానిని వ్రాసి యుంచవలెను. చెప్పగల ముసలివారు ఉన్నప్పుడే అడుగవలెను. ఆపై ఏ అధికారియు, స్థానికనామము దొరకలేదని కాగితముపై వ్రాయజాలడు.