స్లో పెంచితే సరిపోతుందా?

రెండేళ్ళ క్రితం మే నెల. నూజివీడు చుట్టుపక్కల బంగినపల్లి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఒక సాయంత్రం చాట్రాయి వైపు ఊరి నుంచి మా సంఘానికి ఫోను వచ్చింది. తోటలో కూలికి పోయి వచ్చిన ఒకామెను భర్త కొట్టి, ఇద్దరు పిల్లలతో సహా బయటికి నెట్టి తలుపేసుకున్నాడు. "ఎవరైనా త్వరగా రండక్కా, పెద్దమనుషులు కూర్చోబోతున్నారు" అంది పక్కింటామె. నేనూ ఇంకో కార్యకర్తా వెంటనే బయలుదేరాం. మా ఆఫీసుకి ఉన్నది ఒక పాత హీరోహోండా సీడీ 100. సంఘంలో ఒకరి అన్నగారు వాడి వాడి ఇచ్చేసిన బండి. దాని వయసు ముప్పై దాటింది.

పట్నం దాటగానే బండి పేచీ మొదలుపెట్టింది. రేజ్ చేస్తున్నంతసేపు నడుస్తుంది. గతుకు దగ్గర నెమ్మది చేస్తే టక్కున ఆగిపోతుంది. కిక్కు కొట్టడం, కొంత దూరం పోవడం, మళ్ళీ ఆగడం. ఇంజను నుంచి కారిన ఆయిలు నా చీర అంచుకంతా అంటుకుంది. చీకట్లో తోటల మధ్య బండి తోసుకుంటూ మేం ఊరు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పంచాయితీ అయిపోయింది. "ఇక గొడవ పడను" అని ఆమె చేతే కాగితం మీద వేలిముద్ర వేయించి, అదే ఇంట్లోకి పంపేశారు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉంది. దానికోసం ఎవరికీ ఏ పూచీ రాసివ్వనక్కరలేదు. ఆ మాట చెప్పాల్సినవాళ్ళం సమయానికి అక్కడ లేము.

మర్నాడు మీటింగులో ఆలస్యం ఎందుకైందని అడిగితే "బండి ఆగిపోయింది" అన్నాం. అందరూ తలాడించారు. ఆ జవాబుని ఎవరూ ప్రశ్నించలేదు. వాన రావడం లాగా, కరెంటు పోవడం లాగా అదీ మన చేతిలో లేని సంగతే అన్నట్టు ఊరుకున్నాం. నా అభ్యంతరమంతా అక్కడే.

నిజానికి ఆ బండి ఆర్నెల్ల నుంచీ చెబుతూనే ఉంది. పొద్దున్నే తీస్తే నిలబెట్టిన చోట నల్లటి మరక. సిగ్నల్ ఇవ్వకుండా ఏదీ పాడవదు. మేం ప్రతిసారీ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. అతను ఒక స్క్రూ తిప్పి "స్లో పెంచానమ్మా, వెళ్ళండి" అనేవాడు. నాలుగు రోజులు బాగుండేది. మళ్ళీ మామూలే. చివరికి "బోరు పోయింది, ఇంజను దించాలి, ఇంట్లో మగవాళ్ళని పంపండి, మాట్లాడతా" అన్నాడు.

బండి ఆపి ఉన్నప్పుడు ఇంజను తనంతట తాను తిరుగుతూ ఉండటాన్నే స్లో అంటారు. అది నిలవకపోతే స్క్రూ తిప్పి ఎక్కువ పెట్రోలు, ఎక్కువ గాలి పోనిస్తే చప్పుడు పెరుగుతుంది, బండి ఆగదు. కానీ ఎందుకు ఆగుతోందో ఆ కారణం అలాగే ఉంటుంది. ఈ వైద్యం మనకి కొత్తది కాదు. కొడుతున్నాడని ఆడపిల్ల పుట్టింటికి వస్తే "సర్దుకుపోమ్మా" అని నచ్చజెప్పి పంపడం కూడా స్లో పెంచడమే. ఇళ్ళల్లో దాన్ని గుర్తుపట్టి నిలదీసే మనం బండి దగ్గర మాత్రం డబ్బిచ్చి దండం పెట్టి వస్తున్నాం.

ఆ తర్వాత వేరొక పెద్దాయన, పాత బండ్లే బాగుచేసే మెకానిక్కు, మా ఎదుటే బండి విప్పి చూపించాడు. బోరుకేం కాలేదు. మొత్తం సామానుకి మూడొందలు దాటలేదు. ఆ పూట నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన కార్యకర్తలు చాలామంది ఇలాంటి ముసలి బండ్ల మీదే తిరుగుతున్నారు.

ముందు ఆయిలు సంగతి. 1980లో వచ్చిన టీవీఎస్ 50 లాంటి మోపెడ్లకి ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోస్తారు. వాటి మీద బండి నేర్చుకున్న మనకి ఇంజనాయిలు అనే విడి లెక్క అలవాటు లేదు. 1985లో వచ్చిన సీడీ 100 ఫోర్ స్ట్రోకు బండి. పెట్రోలు నింపి, మూత పెట్టి, మరిచిపొమ్మని దాని ప్రకటన. పెట్రోలు సంగతి మరిచిపోవచ్చేమో గానీ ఆయిలు సంగతి మరిచిపోతే ఇంజను అరిగిపోతుంది. సెంటరు స్టాండు వేసి, ఆయిలు మూతకున్న పుల్ల తుడిచి, మర బిగించకుండా ఊరికే లోపల పెట్టి తీయాలి. దాని మీద రెండు గీతల మధ్య తడి ఉండాలి. తక్కువైనా ముప్పే, ఎక్కువ పోసినా ముప్పే. ఎక్కువైతే అదే ఎక్కడో ఒకచోట బయటికి తన్నుకొస్తుంది.

కారేచోటు కనుక్కోవడం మామిడికాయ తెలిసిన ఆడవాళ్ళకి కష్టం కాదు. తొడిమ విరిగితే సొన అక్కడి నుంచి కారి, కిందికి జారి కాయంతా మచ్చలు పడుతుంది. మచ్చ ఉన్నచోట సొన పుట్టదు. ఆయిలూ అంతే. ఇంజను అడుగున చుక్క పడుతోందంటే అది పైన ఎక్కడో మొదలై ఉండొచ్చు. చల్లారిన ఇంజనుని కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, పైన పౌడరు చల్లి, రెండు మూడు కిలోమీటర్లు నడిపి చూడండి. అన్నిటికంటే పైన ఎక్కడ పౌడరు తడిసిందో అదే కారేచోటు. మా బండికి రెండు చోట్ల. పైన టాపెట్ మూతల్లోని రబ్బరు ఓరింగు ఎండి గట్టిపడిపోయింది. కింద ఆయిలు వదిలే బోల్టుకి వాషరు అరిగిపోయింది. వాషరు మార్చకుండా ప్రతిసారీ బోల్టునే బిగించి బిగించి మర పోగొట్టే స్థితికి తెచ్చారు. ఇవి కాకపోతే గేరు రాడ్డు, కిక్కు రాడ్డు బయటికొచ్చే చోట ఆయిల్ సీళ్ళు, క్లచ్చు మూత ప్యాకింగు చూడాలి. ఇంజను లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు మట్టితో మూసుకుపోయినా ఒత్తిడి పెరిగి మంచి ప్యాకింగుల నుంచి కూడా ఆయిలు కారుతుంది. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తుంటే మాత్రం అది లోపలి పని, మెకానిక్కుకే వదలాలి.

ఇక స్లో. మొదట ప్లగ్గు విప్పి రంగు చూడాలి. ఇటిక రంగులో ఉంటే ఆరోగ్యం. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. మన తోటల దారుల్లో లేచే ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టరుని మూసేస్తుంది, అదీ కారణం కావచ్చు. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువ. కార్బొరేటరుని ఇంజనుకి కలిపేచోట ప్యాకింగు పగిలి దొంగగాలి పోతోందేమో చూడాలి. బండి స్టార్టు చేసి ఆ కీలు చుట్టూ నాలుగు చుక్కల ఆయిలు రాస్తే ఇంజను చప్పుడు మారుతుంది. మారిందంటే దొంగ దొరికినట్టే. హ్యాండిలు పక్కకి తిప్పినప్పుడు చప్పుడు పెరిగితే రేజు కేబులు బిగుతుగా ఉంది. వేడెక్కాక మాత్రమే ఆగిపోతుంటే టాపెట్ సందు తక్కువైందేమో చూపించాలి. ఇవేవీ కాకపోతే కార్బొరేటరులో స్లో జెట్టు మూసుకుపోయి ఉంటుంది. దాని రంధ్రం వెంట్రుకంత. దాన్ని గాలి ఊది శుభ్రం చేయాలే గానీ తీగ పెట్టి పొడవకూడదు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. 2023లో కొన్ని బంకుల్లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతటా వచ్చేసింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత బండ్ల రబ్బరుని దెబ్బతీస్తుంది. కాబట్టి పాత బండిని వారాల తరబడి కదపకుండా ఉంచితే కార్బొరేటరు గిన్నెలో పెట్రోలు వదిలేయాలి. పెట్రోలు పైపులు ఏడాదికోసారి మార్చాలి.

"మనకున్న కేసులు, మీటింగులు చాలక మెకానిక్కు పని కూడానా?" అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇంజను దించడం మనం నేర్చుకోవాలని నేను అనడం లేదు. డాక్టరు చదువు చదవకపోయినా జ్వరం చూడటం తెలిసిన మనం, ప్లగ్గు చూడటం ఎందుకు తెలియకూడదు? రోగం తెలిసి వెళితే మెకానిక్కు మనతో మాట్లాడే తీరే మారుతుంది. నేను "టాపెట్ మూత ఓరింగులు మార్చండి" అన్న రోజు నన్ను మగవాళ్ళని పంపమని ఎవరూ అనలేదు. ఇది మెకానిక్కుల మీద ఫిర్యాదు కాదు. మాకు నేర్పిందీ ఒక మెకానిక్కే.

తమిళనాడులో పుదుక్కోటై జిల్లా స్త్రీలు 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేల సంఖ్యలో సైకిలు నేర్చుకున్న సంగతి మనం సభల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. అదే రోజుల్లో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య కింద చదువురాని పేద స్త్రీలు చేతిపంపులు విప్పి బాగుచేయడం నేర్చుకున్నారు. ఆ పని నుంచే వాళ్ళకి అక్షరాలు నేర్చుకోవాలన్న పట్టుదల కూడా పుట్టింది. మనం మొదటి సంగతిని ఎత్తుకున్నంతగా రెండోదాన్ని ఎత్తుకోలేదు. నడపడం వస్తే చాలనుకున్నాం. నడపడం వచ్చి, ఆగితే ఏం చేయాలో రాని మనిషి ప్రయాణం మళ్ళీ ఎవరి దయ మీదో ఆధారపడుతుంది. అది రాత్రి పూట, ఒంటరి దారిలో అయితే దాని అర్థమేమిటో మనకి వేరే చెప్పాలా?

సంస్థల్ని ఒకటే అడుగుతున్నాను. ప్రాజెక్టు బడ్జెట్లలో "వాహన మరమ్మతులు" అని ఒక పద్దు ఉంటుంది. అది మొత్తం బిల్లులకే పోతోంది. అందులోంచి కార్యకర్తలకి ఏడాదికి రెండు రోజుల శిక్షణ పెట్టండి. ప్రతి బండిలో ప్లగ్గు పానా, 17 నంబరు పానా, స్క్రూడ్రైవరు, ఒక కొత్త ప్లగ్గు, నాలుగు వాషర్లు, టార్చిలైటు ఉంచండి. వెయ్యి రూపాయల లోపు పని. కేసు రిజిస్టరు పక్కనే బండి రిజిస్టరు కూడా పెట్టి, ఆయిలు ఎప్పుడు మార్చారో, చుక్క ఎక్కడ పడిందో రాయించండి.

చాట్రాయి వైపు ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. నెలకోసారి వెళ్ళి చూసి వస్తున్నాం. ఆ వేలిముద్ర కాగితానికి విలువ లేదని, ఎప్పుడు కావాలన్నా రక్షణాధికారికి ఫిర్యాదు ఇవ్వొచ్చని ఆమెకి చెప్పాం. "అవసరమైతే ఫోను చేస్తా, వస్తారుగా?" అని అడిగింది. వస్తామని మాటిచ్చాం. ఆ మాట నిలబెట్టుకోవడానికి వారానికోసారి, పొద్దున్నే, బండి కింద చూస్తున్నాం.