కళ్లు తీసిన ప్రేమ

టీవీ సీరియళ్ల గురించి మన సంఘాల్లో మాట్లాడుకునేది తక్కువ. మాట్లాడినా 'ఆడవాళ్లను చెడగొడుతున్నాయి' అని ఒక్కమాటలో తేల్చేస్తాం. ఇది ఆడవాళ్ల కాలక్షేపాన్ని చిన్నచూపు చూసే మగవాళ్లు తరచుగా వాడే మాటేనని గమనించం. ఇవాళ టెక్కలి, పలాసల్లో డిగ్రీ చదివే అమ్మాయిలు ఫోనుల్లో చైనా, కొరియా సీరియళ్లు కూడా చూస్తున్నారు. వాళ్లేం చూస్తున్నారో, అందులో వాళ్లకేం నచ్చుతోందో తెలుసుకోకుండా ప్రేమ గురించీ, పెళ్లి గురించీ వాళ్లతో ఏం మాట్లాడగలం? ఆ ఉద్దేశంతోనే 2017లో చైనాలో ప్రసారమై అనేక దేశాల ప్రేక్షకులను చేరిన 58 భాగాల 'ఎటర్నల్ లవ్' సీరియల్‌ను పరిశీలిస్తున్నాను. తాంగ్ చి అనే రచయిత్రి నవల దీనికి ఆధారం.

బై చియెన్ నక్కల వంశానికి చెందిన దేవత. మగవేషం వేసుకుని యుద్ధదేవుడి దగ్గర విద్య నేర్చుకున్నది. ఒక శత్రువుతో తలపడినప్పుడు శక్తులూ, జ్ఞాపకాలూ పోయి, మామూలు మనిషిగా ఒక కొండ మీద పడుతుంది. స్వర్గలోకపు యువరాజు యె హ్వా ఆమెకు సూసూ అని పేరు పెడతాడు. ఇద్దరూ ప్రేమించుకుని పెళ్లి చేసుకుంటారు. తర్వాత ఆమె స్వర్గానికి చేరుతుంది. అంటే అత్తవారింటికన్నమాట. అక్కడ ఆమెకు వంశం లేదు, పుట్టిల్లు లేదు, అండగా ఒక్క మనిషి లేదు. యువరాజును కోరుకున్న సు జిన్ తనంతట తాను వేదిక మీంచి పడిపోయి, సూసూయే తోసిందని నింద వేస్తుంది. సు జిన్ కళ్లు పోయాయి గనుక సూసూ తన కళ్లు ఇవ్వాలని స్వర్గాధిపతి తీర్పు. ఆ కళ్లను తీసేది స్వయానా భర్త. బిడ్డను కన్న తర్వాత సూసూ అదే వేదిక మీంచి కిందికి దూకేస్తుంది.

ఈ సీరియల్ బలం ఇక్కడే ఉంది. మాయలూ మంత్రాలూ పక్కన పెడితే, దిక్కులేని కోడలికి పెద్దింట్లో ఏం జరుగుతుందో ఇంత నిజాయితీగా చూపించిన సీరియళ్లు మనకి అరుదు. మన సీరియళ్లలో కోడలు ఓర్చుకుని ఓర్చుకుని చివరికి అత్తింటి మెప్పు పొందుతుంది. సూసూ మెప్పు కోసం చూడదు. కిందపడ్డాక ఆమె మళ్లీ దేవత అవుతుంది. జ్ఞాపకాలు తిరిగొచ్చినప్పుడు సు జిన్ దగ్గరకు తానే వెళ్లి తన కళ్లు తాను తిరిగి తెచ్చుకుంటుంది. భర్త తెచ్చిపెట్టడు, ఆమె అడుక్కోదు. ఆమె కోపాన్ని కథ తప్పుపట్టదు. పైగా ఆమె వయసు లక్షా నలభైవేల ఏళ్లు, అతనిది యాభైవేలు. భార్య పెద్దది, పోరాటవిద్యలో ఆరితేరినది.

ఇదే కోవలోని మన కథలను పక్కన పెట్టి చూడండి. 1961 నాటి 'జగదేకవీరుని కథ'లో దేవకన్య చీర దాచేస్తేనే ఆమె భూమ్మీద భార్యగా ఉండిపోతుంది. 1990 నాటి 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో చీర స్థానంలో ఉంగరం వచ్చింది. చైనా జానపద కథలోనూ పశువుల కాపరి స్నానం చేస్తున్న దేవకన్య బట్టలు దాచే పెళ్లి చేసుకుంటాడు. స్త్రీకి ఉన్న శక్తిని లాక్కుంటే తప్ప కాపురం నిలవదని ఈ కథలన్నీ నమ్ముతున్నట్టే ఉంది. 'ఎటర్నల్ లవ్'లో కూడా ప్రేమ పుట్టేది ఆమె శక్తి పోయినప్పుడే. కానీ పోయిన శక్తి తిరిగి వస్తుంది, వచ్చాక కూడా అతను ఆమెను కోరుకుంటాడు. ఇది చిన్న మార్పు కాదు.

మరి లోపాలు? మొదటిది, భర్త మౌనం. యె హ్వా అన్నీ భరించింది ఆమె ప్రాణం కాపాడడానికేనని కథ మనల్ని నమ్మిస్తుంది. నిజం ఆమెకు చెప్పడు, ఆమె అభిప్రాయం అడగడు. తర్వాత అతనూ ప్రాణత్యాగం చేస్తాడు గనుక మన కన్నీళ్లు అతనివైపు మళ్లుతాయి. 'నీ మంచికే ఊరుకున్నాను' అనే మాట కౌన్సెలింగ్‌లో మనం ఎన్నిసార్లు వినలేదు! 2005 నాటి గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, మాటలతో, మానసికంగా పెట్టే హింసను కూడా హింసగానే గుర్తించింది. ప్రేమించాడు కాబట్టి అది హింస కాకుండా పోదు.

రెండోది, తప్పంతా ఒక స్త్రీ నెత్తిన పెట్టడం. సు జిన్ వంశమంతా స్వర్గం కోసం యుద్ధంలో నశించిపోయింది. ఆ అనాథ పిల్లను తెచ్చి పెంచింది స్వర్గమే. ఆ ఇంట్లో నిలదొక్కుకోవడానికి ఆమెకు ఏదో ఒక మగవాడి భార్య కావడం తప్ప వేరే దారి ఎవరూ చూపలేదు. ఈ సంగతి చెప్పినట్టే చెప్పి కథ మర్చిపోతుంది. విచారణ లేకుండా తీర్పు చెప్పిన స్వర్గాధిపతి మాత్రం సింహాసనం మీద అలాగే ఉంటాడు. ఇద్దరు స్త్రీలు ఒక జత కళ్ల కోసం తలపడతారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. సూసూకి న్యాయం జరిగింది ఆమె దేవత కావడం వల్ల. నిజంగా మామూలు మనిషే అయితే ఆ వేదిక మీంచి పడి చనిపోయేది, కథ అక్కడితో అయిపోయేది. పుట్టుకతో వచ్చిన శక్తి తప్ప మరో శక్తిని ఈ సీరియల్ ఊహించలేదు. మన ఉద్దానం చరిత్ర వేరే సంగతి చెబుతుంది. 1940లో మందస జమీందారీలో పోలీసులకు ఎదురునిలిచి, నిండు గర్భంతో కాల్పుల్లో ప్రాణాలిచ్చిన గున్నమ్మకు ఏ మహిమలూ లేవు. 2010లో సోంపేటలో, 2011లో టెక్కలి పక్కనే ఉన్న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా ఉద్యమించిన స్త్రీలకూ లేవు. వాళ్ల శక్తి ఒకరి పక్కన ఒకరు నిలబడడంలోంచి వచ్చింది. సూసూ పక్కన అలా నిలబడేవాళ్లు నలుగురు ఉంటే?

అందుకే ఈ సీరియల్ చూడొద్దని అమ్మాయిలకు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. కళ్లు తీసే ఘట్టాన్ని వాళ్లతో కలిసి చూసి చర్చ పెట్టడం మేలు. అతను ఆమెకు నిజం ఎందుకు చెప్పలేదు? తీర్పు చెప్పినవాణ్ణి ఎవరూ ఎందుకు నిలదీయలేదు? ఆమె దేవత కాకపోతే ఎవరి దగ్గరకు వెళ్లాలి? మూడో ప్రశ్నకు ఆ సీరియల్‌లో జవాబు లేదు. జవాబు కావలసింది మన సంఘాలే.