మరమ్మతు కూలికి లెక్క ఏది?

కారు షెడ్డు కెక్కిందంటే యజమాని అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతవుతుంది? ఎప్పటికిస్తారు? మొదటిదానికి "విప్పి చూసి చెబుతాం" అనీ, రెండోదానికి "సాయంత్రానికి" అనీ జవాబు వస్తుంది. ఆ సాయంత్రం ఏ రోజుదో చెప్పరు.

కార్ల కంపెనీల సర్వీసు సెంటర్లలో పద్ధతి వేరు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో కంపెనీ ముందే నిర్ణయించి రాసిపెడుతుంది. ఆ గంటలను గంట రేటుతో హెచ్చవేస్తే లేబర్ చార్జీ. మెకానిక్ తొందరగా ముగించినా, ఆలస్యం చేసినా సాధారణంగా అది మారదు. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ గంటలు లెక్కగట్టేది మంచి స్థితిలో ఉన్న బండి మీద, లిఫ్టు, సరైన పానాలు చేతికందే చోట. మచిలీపట్నం ఉప్పుగాలిలో పదిహేనేళ్లు తిరిగిన టాక్సీకి ఆ లెక్క ఎలా నప్పుతుంది? క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. తుప్పుపట్టిన బోల్టు ఒక్కటి విరిగితే చాలు, దాన్ని తొలిచి తీయడానికే పూట గడుస్తుంది. ఆ పూట కూలి ఎవరివ్వాలి? చెమటోడ్చిన మెకానిక్ వదులుకోవాలా, కిరాయి పోగొట్టుకున్న డ్రైవరే భరించాలా? తగాదాలు ఎక్కువగా ఇక్కడే పుడుతున్నాయి.

మరో తిరకాసు ఉంది. చాలా ఇంజన్లలో వాటర్ పంపు టైమింగ్ బెల్టు వెనకే ఉంటుంది. రెండూ ఒకేసారి మారిస్తే విప్పడం, బిగించడం ఒక్కసారే. అయినా కొన్ని షెడ్లలో రెండు పూర్తి కూలీలు వేస్తున్నారు. ఇది న్యాయం కాదు. అలాగని లోపం వెతకడానికి సగం రోజు పట్టిన మెకానిక్‌కు, మార్చింది చిన్న వైరే కదా అని చేతిలో వందనోటు పెట్టే యజమానులూ తక్కువేమీ కాదు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మెకానిక్కులు కూర్చుని, తరచూ వచ్చే పనులకైనా గంటలు నిర్ణయించుకోవాలి. రేటు ఎవరిది వారిదే, గంటలు మాత్రం అందరికీ తెలియాలి. పాత బండికి పట్టే అదనపు సమయం విడిగా చూపాలి. బోల్టు విరిగితే పని ఆపి యజమానికి ఫోను చేయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవకు బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతే. ఆ బిల్లులో సామాను ధర వేరుగా, కూలి గంటలు వేరుగా రాయాలి.

షెడ్డు ముందు బోర్డు కట్టడానికి ఒక రేకు, చిన్న డబ్బా రంగు చాలు.